గోడ అవతలి గోతాలు

పోయిన నెలలో మా గోడౌను చూడటానికి బ్యాంకు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఏటా ఉండే తనిఖీయే. మా వ్యాపారానికి బ్యాంకు ఒక లిమిట్ ఇస్తుంది. సరుకు కొనడానికి అందులోంచి వాడుకోవడం, అమ్ముడయ్యాక తిరిగి కట్టడం, మళ్ళీ వాడుకోవడం. ఏడాదికోసారి వాళ్ళు మన సరుకూ అమ్మకాలూ చూసి ఆ లిమిట్ ఎంత ఉండాలో మళ్ళీ లెక్కగడతారు. ఆ అమ్మాయిది పెదకూరపాడట. మా చిన్నమ్మాయి వయసుంటుంది. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని గోతాల కట్టల మధ్య తిరుగుతూ ఫోనుతో ఫొటోలు తీసింది. ఏ చోట నిలబడి తీసిందో కూడా ఆ ఫోనే రాసుకుంటుందట. నేను అలవాటు కొద్దీ టీ తెప్పించి, ఎండల్ని తిట్టి, పెదకూరపాడు మనుషుల మంచితనాన్ని పొగిడి, వడ్డీలో పావు శాతం తగ్గించమని మొదలుపెట్టాను. “రేటు నా చేతుల్లో ఉండదు అంకుల్. కంప్యూటరే వేస్తుంది” అంది. “కంప్యూటర్‌కి టీ తాగించలేం గదమ్మా” అన్నాను. నవ్వింది గానీ తగ్గలేదు. నేనూ వదల్లేదు. నా సంగతి నరసరావుపేటలో అందరికీ తెలిసిందే. నా నిఖాలో ఖాజీగారి రుసుం దగ్గర కూడా బేరమాడానని మా ఆవిడ జాన్‌బీ ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. అది నిజమే. ఆయన తగ్గించిందీ నిజమే.

చివరికి ఆ అమ్మాయి ఫోను పక్కన పెట్టి, “మీ అమ్మకాలకి లిమిట్ ఇంతే వస్తుంది అంకుల్. ఇంకా కావాలంటే ఒక దారుంది. ఇంట్లో ఎవరి పేరు మీదన్నా ఫిక్సెడ్ డిపాజిట్ ఉంటే దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ ఇచ్చేస్తాం. సరుకు చూడటాలు, లెక్కలు ఏం అక్కర్లేదు. ఒక్క సంతకం చాలు” అంది.

నేను బేరం అక్కడితో ఆపేశాను. టీ గ్లాసులు తీసుకోవడానికి వచ్చిన జాన్‌బీ గుమ్మంలో నిలబడి నా వంక చూసింది. “లేవమ్మా, మా ఇంట్లో ఎవరికీ డిపాజిట్లు లేవు” అన్నాను. ఆ అమ్మాయి రాసుకుని వెళ్ళిపోయింది. నేను కట్టల మీద చాలాసేపు కూర్చున్నాను. ఆ ఒక్క సంతకం చాలన్న మాట, దాదాపు అట్లాగే, నేనే ఒకప్పుడు ఒక మనిషికి చెప్పాను. ఆ మనిషికి సంతకం రాదు.

మేం దూదేకులవాళ్ళం. తాత దూది ఏకాడు. మా నాయన బాజీ ఆ పని వదిలి గోతాల్లోకి దిగాడు. నరసరావుపేటలో స్టేషన్ వెనక ఒక సందులో ముందు కొట్టు, దాని వెనక గోడౌను, దానికి ఆనుకుని ఇల్లు. రైస్ మిల్లుల దగ్గరా పప్పు మిల్లుల దగ్గరా పంచదార గిడ్డంగుల దగ్గరా పాత గోతాలు కొనుక్కొచ్చి, తిరగేసి దులిపి, మంచివీ చిరిగినవీ వేరుచేసి, చిరిగినవి కుట్టించి, కట్టలు కట్టి, మిర్చి కోతలప్పుడు రైతులకు అమ్మడం. వానాకాలం చివర గోతం చవక, కోతలప్పుడు ప్రియం. అప్పుడు కొని ఇప్పుడమ్మే ఆ మధ్య నాలుగు నెలలు డబ్బంతా గోతాల రూపంలో గోడౌనులో నిద్రపోతుంది. మా ఇంట్లో అందరి ఒంటికీ ఒకే వాసన. జనుముకు పట్టిన నూనె వాసన, దాని కింద తవుడు, ఇంకా కింద ఎక్కడో పంచదార పాకం. బళ్ళో నా పక్కన కూర్చున్న వాళ్ళు తుమ్ముతుండేవాళ్ళు. అమ్మ ఏ కూర వండినా అందులో జనుము పీచు రాకుండా ఉండేది కాదు. దాన్ని వేలితో తీసి కంచం అంచున పెట్టి తినడమే మాకు భోజనం చేసే పద్ధతి. కాలేజీకి పోయాక మొదటిసారి హోటల్లో తిన్నప్పుడు, ఏమీ తీయకుండానే అన్నం అయిపోయిందే అని ఆశ్చర్యపోయాను.

గోతాలు కుట్టే ఆడవాళ్ళు ఆరుగురు ఉండేవాళ్ళు. వాళ్ళకు పెద్ద మా మేనత్త మీరాబీ. నాయన కంటే ఆరేళ్ళు పెద్దది. ఆమె భర్త పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ పనికి పోయి అక్కడే పోయాడు. పెద్దమనుషులు కూర్చుంటే బట్టీ ఓనరు ఇరవై వేలు ఇచ్చాడు. పిల్లల్లేరు. ఆ ఇరవై వేలూ చీరకొంగున కట్టుకుని తమ్ముడింటికి వచ్చింది. నాయన ఆ డబ్బు ముట్టుకోకుండా ఆమె పేరనే బ్యాంకులో వేయించాడు. అంత మంచితనం మాలోనూ ఉండేదని చెప్పుకోవడానికి ఈ మాట రాస్తున్నాను. కుట్టుకూలి కూడా అందరితో సమానంగా ఇచ్చేవాడు. ఆమె ఆ కూలి తెచ్చి బ్యాంకులో ఆ డిపాజిట్ మీదే వేసుకునేది. గోతం మూలల్లో కుట్టు మడతల్లో ఇరుక్కున్న గింజలు, కొన్ని బియ్యం, కొన్ని కంది బద్దలు, ఒక్కోసారి పెసలు, దులిపేటప్పుడు రాలినవన్నీ ఒక చేటలో పోగేసేది. శుక్రవారం నాడు వాటిని కడిగి, ఏరి, అన్నీ కలిపి ఒకే గిన్నెలో ఉప్పూ పచ్చిమిరపకాయలూ వేసి ఉడికించేది. ప్రతి వారం దాని రుచి వేరుగా ఉండేది, ఆ వారం ఏ మిల్లు గోతాలొస్తే ఆ రుచి. అమ్మ దాన్ని ముట్టుకునేది కాదు. “మేం పెట్టడం లేదని ఊళ్ళో అనుకోవాలనే గదా వదినా” అనేది. అత్త గిన్నె మీద మూత పెట్టేది. నాకు మాత్రం ఒక గరిటె గిన్నెలో పెట్టి, గోడౌనులోకి పిలిచి తినిపించేది.

ఆమెకు ఒకటే కోరిక ఉండేది. అది అందరికీ తెలుసు, ఆఖరికి అమ్మకు కూడా తెలుసు. సత్తెనపల్లి రోడ్డులో రెండు సెంట్ల స్థలం కొనుక్కుంది. అందులో రెండు గదులు వేసుకోవాలి. ఒకటి వండుకోను, ఒకటి పడుకోను. పొద్దున మా కొట్టుకు పనికి వచ్చి, సాయంత్రం కూలి తీసుకుని, తన ఇంటికి తను పోవాలి. “తమ్ముడింట్లో అన్నం తిన్నా కూలి తిన్నట్టే ఉండిద్ది. నా ఇంట్లో కూలి డబ్బులతో తిన్నా అన్నం తిన్నట్టుండిద్ది” అనేది. డిపాజిట్ యాభై వేలకు చేరితే మేస్త్రీని పిలవాలని లెక్క. చేరింది. ఒక లారీ ఇటుక కూడా తోలించుకుంది. నేను అప్పుడు బీకాం రెండు పేపర్లు తప్పి కొట్లో కూర్చుంటున్నాను. తప్పిన రెండూ అకౌంట్స్ పేపర్లే. కొట్లో పుస్తకాలు రాసేది కూడా నేనే.

ఆ పుస్తకాల సంగతి చెప్పాలి. మా సందులో ఏ కొట్టు పుస్తకాలూ ఆ కొట్టు గురించి రాసినవి కావు. అవి అమ్మకపు పన్ను వాళ్ళ కోసం రాసినవి. మేం ఏడాదికి సుమారు మూడు లక్షల రూపాయల గోతాలమ్మితే పుస్తకంలో అరవై వేలు ఉండేది. మిగతాది నాయన నోట్లో ఉండేది. ఎప్పుడైనా సందు మొదట్లో పన్నువాళ్ళ జీపు ఆగితే సోడా కొట్టతను సీసాతో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు. అంతే. కుట్టే ఆడవాళ్ళు దబ్బనాలు గోతానికి గుచ్చి లేచేవాళ్ళు. గోడౌను వెనక గోడకు అవతల ఒక క్రైస్తవ టీచరమ్మ పెరడు. ఇద్దరు గోడెక్కితే నలుగురు కట్టలు అందించేవాళ్ళు. జీపు దిగిన మనిషి సందులో నడిచి, పక్క కొట్లో మంచినీళ్ళు తాగి, మా గుమ్మంలోకి వచ్చేసరికి గోడౌనులో పది పన్నెండు కట్టలు మిగిలేవి. టీచరమ్మ ఒకసారి నాయన్ని అడిగింది, “బాజీ, ఇది అబద్ధం కిందికి రాదు కదా?” “గోతాలకు నోరేది టీచరమ్మా” అన్నాడు నాయన. ఆవిడ ఆలోచించి, తన కోళ్ళగూటి మీద కప్పుకోవడానికి నాలుగు గోతాలడిగి తీసుకుంది.

ఆ ఏడు నాయన పెద్దగా కొనాలనుకున్నాడు. మిర్చి ఎక్కువగా వేశారని పల్నాడంతా చెప్పుకుంటున్నారు. మాచర్ల, గురజాల వైపు మిల్లుల్లో పాత గోతాలు గుట్టలుగా ఉన్నాయి. చేతిలో డబ్బు లేదు. మార్వాడీ వడ్డీ భరించలేక బ్యాంకు లిమిట్‌కి దరఖాస్తు పెట్టాడు. సరుకు నాలుగు వేల గోతాలని అందులో నిజమే రాశాడు. మేనేజరు వచ్చే వారం వచ్చి చూస్తానన్నాడు. ఈలోగా ధర మాట్లాడి వస్తానని నాయన మాచర్ల బస్సెక్కాడు.

ఆ మధ్యాహ్నం సందు మొదట్లో జీపు ఆగింది. సోడా సీసా మోగలేదు, సోడా అతను భోజనానికి పోయాడు. నేనే చూశాను. ఇద్దరు దిగారు, ఒకరి చంకలో ఫైలు. నా తెలివికి నేనే పొంగిపోయాను. గోడౌనులోకి పరిగెత్తి, “అత్తా, జీపు” అన్నాను. ఆ రోజు మా ఆడవాళ్ళు చేసిన పని అంతకు ముందెన్నడూ అంత చక్కగా చెయ్యలేదు. నేనూ గోడెక్కాను. వాళ్ళు గుమ్మంలోకి వచ్చేసరికి ఏడు కట్టలు మిగిలాయి. అత్తా మిగతావాళ్ళూ రొప్పుతూ కూర్చుని, కుట్టిన చోటే మళ్ళీ కుడుతున్నారు.

“ఏం బాబూ, వ్యాపారం ఎట్లా ఉంది?” అన్నాడు పెద్దాయన.

“ఎక్కడుంది సార్. ఈ ఏడుతో మూసేద్దామనుకుంటున్నాం.”

“సరుకింతేనా?”

“ఇంతే సార్. ఇవి కూడా చిరుగులే. తూకానికి అమ్ముకోవాల్సిందే.”

ఆయన పక్కనున్న గుమాస్తా ఫైలు విప్పాడు. “నాలుగు వేల గోతాలని రాశారండీ దరఖాస్తులో.”

“ఏ దరఖాస్తండీ?” అన్నాను.

“మీ నాయన లిమిట్ కోసం పెట్టుకున్నది. మేం బ్యాంకు నుంచి వచ్చాం” అన్నాడు మేనేజరు. ఆయన స్కూటరు పాడైతే, అటు పోయే ఎవరిదో జీపులో ఎక్కి, వారం ముందే వచ్చాడు.

ముందు తేరుకున్నది అత్త. “ఒసేయ్, బ్యాంకాయనంటనే. ఎక్కండి గోడ” అంది. నేను వద్దని చెయ్యి ఊపేలోపే ఇద్దరు గోడెక్కారు. ఆయన కళ్ళ ముందే, వెళ్ళిన దారినే, కట్టల మీద కట్టలు దిగడం మొదలైంది. ఒక కట్ట మీద టీచరమ్మ కోడిపెట్ట కూడా కూర్చుని వచ్చింది. గుమాస్తా నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. మేనేజరు నవ్వలేదు. ముక్కు తుడుచుకుని, “అమ్మా, ఆపండి” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు.

“చూడు బాబూ, పుస్తకంలో ఉన్న అమ్మకాలకి, కళ్ళ ముందున్న సరుక్కి నేను అప్పివ్వగలను. గోడ అవతల నుంచి వచ్చే సరుకు మీదో పక్కింటివాళ్ళదో నాకేం తెలుసు? రేపు మీరు కట్టకపోతే నేనెవరి గోడ దూకాలి?”

పుస్తకం చూపించమన్నాడు. చూపించాను. అందులో నా చేతిరాతే ఉంది. ఆయన పెన్సిలు తీసి, అమ్మకాల్లో ఐదో వంతు లిమిట్ ఇవ్వొచ్చని చెప్పి, అరవై వేలలో ఐదో వంతు పన్నెండు వేలని రాసి చూపించాడు. మాకు కావలసింది యాభై. మూడు లక్షలూ పుస్తకంలో ఉండుంటే ఐదో వంతు అరవై వేలు అయ్యేదని నా బుర్రలో గిర్రున తిరిగింది. బేరానికి దిగాను. పదిహేను చెయ్యండి సార్ అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, ఆ స్థితిలో కూడా మూడు వేల కోసం మూడు అబద్ధాలాడాను. ఆయన వింటూ, లేవబోతూ, “ఇంట్లో ఎవరి పేరనన్నా డిపాజిట్ ఉందా? ఉంటే వందకు తొంభై లెక్కన ఇస్తాను. అప్పుడు పుస్తకాలు చూడను, గోతాలు చూడను” అన్నాడు.

ఆడవాళ్ళందరూ అత్త వైపు చూశారు. అత్త నేల వైపు చూసింది.

మాచర్ల నుంచి తిరిగొచ్చిన నాయన నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. “నేర్పిందే చేశావు లేరా” అన్నాడు. అక్కను అడగడానికి ఆయనకు నోరు రాలేదు. నన్ను పంపాడు. నాకు నోరే గదా ఆస్తి.

అత్త గోడౌను గుమ్మం దగ్గర వెలుతురుకు కూర్చుని కుడుతోంది. పక్కన కూర్చుని, పురికొస అందిస్తూ మొదలుపెట్టాను.

“నీ డిపాజిట్ నీ పేరునే ఉండిద్ది అత్తా. ఒక్క వేలిముద్ర చాలు, కాయితం మాత్రం బ్యాంకులో పెడతారు. నీ పెట్టెలో ఉన్నా వాళ్ళ బీరువాలో ఉన్నా కాయితం కాయితమే గదా.”

“వాళ్ళ దగ్గరుంటే నేను ఇల్లెట్టా కట్టేదిరా?”

“ఎండాకాలంలో కడతావు. మిర్చి అయిపోయేలోపు మేం డబ్బు కట్టేసి కాయితం తెచ్చి నీ చేతిలో పెడతాం.”

“నా వడ్డీ?”

“నీ వడ్డీ నీకొచ్చిద్ది. మా వడ్డీ మేం కడతాం. మాది ఏడాదికి నూటికి రెండు రూపాయలు ఎక్కువ.”

ఆమె దారం పళ్ళతో తెంపింది. “అంటే నా డబ్బే మీకిచ్చి మధ్యలో వాడు రెండు రూపాయలు తింటాడా. నీకన్నా బేరగాడేరా వాడు.”

“బ్యాంకంటే అదే గదత్తా.”

“అదేదో నేనే తీసి మీకిస్తే పోలా? ఆ రెండు రూపాయలు మీకే మిగిల్తయి.”

డిపాజిట్ మధ్యలో విరగ్గొడితే వడ్డీ పోతుందని చెప్పాను. అది నిజమే. కానీ ఇన్నేళ్ళ తర్వాత ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఆమె చేతి నుంచే తీసుకుని ఉంటే ఆమెకు బాకీ పడేవాళ్ళం. రోజూ అన్నం పెట్టేటప్పుడు ఆ బాకీ కంచం పక్కన కూర్చునేది. మధ్యలో బ్యాంకు ఉండటం వల్ల మేం బ్యాంకుకే బాకీ అనుకున్నాం. బ్యాంకుకు వడ్డీ కట్టిన నెల మా మనసు తేలిగ్గా ఉండేది. ఆ తేలిక కోసమే నేను అంత గట్టిగా బేరమాడాను.

ధర చెప్పాక నోరు మూసుకోవాలని నాయన నాకు నేర్పాడు. ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళు ఓడినట్టు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆమె ఒక గోతం మొత్తం కుట్టింది. ఇంకొకటి తీసుకుంది. “సరేలేరా. వానలు పడేలోపు ఇచ్చెయ్యండి. పైకప్పు వెయ్యాలి” అంది. నేను జీవితంలో చేసిన బేరాలన్నిటిలో అంత నున్నగా కుదిరింది ఇంకొకటి లేదు.

బ్యాంకులో రసీదు వెనక ఆమె వేలిముద్ర వెయ్యాలి. కుడి బొటనవేలు వేస్తే నల్లటి మచ్చ పడింది, గీత ఒక్కటీ లేదు. దబ్బనం వెనక ఆ వేలితో నెట్టీ నెట్టీ గీతలన్నీ అరిగిపోయాయి. గుమాస్తా వేలు తుడిచి మళ్ళీ వేయించాడు, మళ్ళీ మచ్చే. “ఏందమ్మా, నీకు వేలిముద్ర కూడా లేదే” అన్నాడు. “అన్నీ గోతాల్లోకి పోయినయి నాయనా” అంది అత్త, తప్పు చేసినట్టు నవ్వుతూ. నాలుగోసారి ఎడమ బొటనవేలితో వేస్తే పక్కన రెండు గీతలు పడ్డాయి. అవి చాలన్నారు. ఆ రెండు గీతల మీద మాకు నలభై అయిదు వేలిచ్చారు.

ఆ ఏడు గోతాలన్నీ అమ్ముడయ్యాయి. కానీ అందరి పంటా ఒకేసారి వచ్చి మిర్చి ధర పడిపోయింది. రైతులు మా గోతాల్లో మిర్చి నింపి, ఆ టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర వచ్చాక గోతాల డబ్బిస్తామన్నారు. మా డబ్బు వాళ్ళ మిర్చితో పాటు చలిలో కూర్చుంది. ఎండాకాలం అయిపోయింది. “వచ్చే ఏడు చూద్దాం అక్కా” అన్నాడు నాయన. మరుసటేడు కొంత వసూలైంది, దాన్ని మళ్ళీ గోతాలకే పెట్టాం. పెట్టకపోతే వ్యాపారం లేదు. ఓవర్‌డ్రాఫ్ట్ ఎప్పుడూ నిండుగానే ఉండేది, వడ్డీ కట్టేవాళ్ళం, డిపాజిట్ గడువు తీరగానే దాన్ని మళ్ళీ వేయించి మళ్ళీ తాకట్టు రాసేవాళ్ళం, ఆమె వచ్చి మళ్ళీ రెండు గీతలు వేసేది. ఏడాదికి ఒకేసారి, ఎండలు ముదిరాక, అడిగేది. “ఈ ఏడు కుదురుద్దా బాజీ?” రెండోసారి అడగడం నేను వినలేదు. స్థలంలో కంప మొలిస్తే తనే పోయి కొట్టుకొచ్చేది. ఒక వానాకాలం గోడౌనులోకి నీళ్ళొచ్చాయి, కట్టల కింద ఎత్తు పెట్టాల్సి వచ్చింది. ఇటుకలు ఊరికే పడున్నాయి గదా అని బండి పంపించాను. ఆమె ఇల్లంతా మా గోతాల కిందికి వచ్చింది. వాటి మీద కూర్చునే ఆమె కుట్టేది.

పుస్తకాల్లో నిజం రాసేసి పెద్ద లిమిట్ తీసుకుని ఆమె కాయితం విడిపించొచ్చని నాకు తట్టకపోలేదు. నాయనకు ఒకసారి చెప్పాను కూడా. “ఒక్కసారే మూడు లక్షలు రాస్తే పోయినేటిదాకా ఎక్కడ దాచావంటారు. పాతవన్నీ తవ్వుతారు” అన్నాడు. నేను కూర్చుని లెక్కవేశాను. నిజం రాస్తే కట్టాల్సిన పన్ను ఒకవైపు, ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ ఒకవైపు. వడ్డీయే తక్కువ. లెక్క తప్పు లేదు. అత్త గదులు మాత్రం రెండు వైపులా ఎక్కడా లేవు. తప్పిన పేపర్లు నేను ఊరికే తప్పలేదు.

కొన్నేళ్ళకు గోతాల దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో చేరింది. గుంటూరు పెద్దాసుపత్రిలో పదకొండు రోజులుంది. ఆమె పోయిన తర్వాత నాయనా నేనూ బ్యాంకుకు పోయాం. డిపాజిట్‌దారు చనిపోయింది కాబట్టి ఆ డబ్బు తీసి అప్పుకు జమ వేస్తున్నామని చెప్పి, కాగితం మీద సంతకం పెట్టమన్నారు. నామినీ పేరు నాదే పెట్టుకుందని అప్పుడు తెలిసింది. గుమాస్తా లెక్క చూసి, “అకౌంట్ క్లోజ్ అయిందండీ. ఇక మీరు రూపాయి కట్టక్కర్లేదు” అన్నాడు, మంచి కబురు చెబుతున్నట్టు. నాయన బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు. “అక్కే కట్టేసి పోయింది రా” అన్నాడు. మిగిలిన నాలుగు వేల చిల్లర ఆమె నలభయ్యో రోజు ఫాతెహాకు సరిపోయింది. తర్వాత ఆ స్థలం కూడా అమ్మేశాం.

ఆ మరుసటి ఏడు నుంచి నేను ప్రతి గోతం పుస్తకంలో రాశాను. పాతవి తవ్వుతారని నాయన వణికాడు. ఎవరూ తవ్వలేదు. పన్ను కట్టాం, ఆకాశం విరిగి పడలేదు. రెండేళ్ళకే బ్యాంకు మాకు కావలసిన దానికంటే ఎక్కువ లిమిట్ ఇచ్చింది. కొత్త మేనేజరు వచ్చి గోడౌనులో కట్టలు లెక్కబెట్టి, “అంతా సక్రమంగా ఉందండీ” అంటుంటే, ఆయన నిలబడింది ఏ ఇటుకల మీదో నాకూ నాయనకూ తెలుసు. ఇప్పుడు దాచుదామన్నా కుదరదు. సగం రైతులు ప్లాస్టిక్ సంచులకు పోయారు, మిగిలిన అమ్మకం ప్రతిదీ బిల్లు కొట్టిన క్షణం నా కంటే ముందు ప్రభుత్వానికి తెలుస్తుంది. గోడ అవతల టీచరమ్మ లేదు, అపార్ట్‌మెంటు ఉంది. మా పిల్లలకు ఆ రోజుల కథ చెబితే కోడిపెట్ట దగ్గర పగలబడి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అక్కడే ఆపేస్తాను.

పోయిన నెల ఆ పెదకూరపాడు అమ్మాయి వెళ్ళిపోయాక జాన్‌బీ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“నా పేరున రెండు లక్షలుంటే లేవన్నావేంది?”

“నీయే గదా అవి. నావి కాదుగా.”

“నేనేమన్నా ఇవ్వనన్నానా?”

“నువ్వు ఇవ్వననవు. అందుకే.”

“మరి సరుకెట్టా?”

“ఈ ఏడు తక్కువ కొంటా.”

“బేరమాడకుండానే?” అని నా నుదురు చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

ఆమెకు చెప్పనిది ఒకటుంది. ఆసుపత్రిలో చివరి సాయంత్రం అత్త దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. ఆమెకు మాట కంటే దగ్గే ఎక్కువ వస్తోంది. ఉన్నట్టుండి, “ఈ ఏడు కుదురుద్దా రా” అంది. ఎప్పుడూ నాయన్నే అడిగేది, ఆ రోజు నన్నడిగింది. కుదిరింది అత్తా అన్నాను. బ్యాంకువాళ్ళు కాయితం ఇచ్చేశారని చెప్పాను. మేస్త్రీతో మాట్లాడానని చెప్పాను. అబద్ధం మొదలుపెట్టాక నాకు ఆగే అలవాటు లేదు.

“ఎన్ని గదులు చెప్పావు?” అంది.

“మూడు” అన్నాను. పుట్టాక అడిగిన దానికంటే ఎక్కువ ఇస్తానన్నది అదొక్కసారే.

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. కొట్లో గోతాలు కుట్టీ కుట్టీ ముసలైన మనిషి. సరుకేదో ఉత్త మాటేదో ఆమెకు తెలియదని నేననుకోను. అయినా బేరానికి దిగింది.

“మూడెందుకురా. రెండు చాలు.”

“లేదత్తా, మూడే.”

చాలాసేపు దగ్గింది. నేను నీళ్ళు పట్టాను. కొంచెం తాగి, మిగిలినవి పక్కన పెట్టమని సైగ చేసి, “ఒకటి వెయ్యమను చాల్లే” అంది. “మీ నాయన చేతిలో కూడా కొంత మిగలాలి గదా.”

బేరమన్నాక నేను పైకి లాగాలి, మూడని పట్టుబట్టాలి. నోరు రాలేదు.